తినొచ్చి చెప్పు

ప్రకాశరావు తిండికి దూరమయ్యాక గాని, అతను ఎక్కడెక్కడ తినేవాడో అమ్మాజీకి తెలియలేదు.

గొంతులో పుండు అన్నారు మొదట. తర్వాత ఆ పుండుకి అసలు పేరు చెప్పారు. కాకినాడ ఆస్పత్రిలో ఉంచి రేడియేషన్ కరెంటు పెట్టించారు. మెడ చుట్టూ చర్మం మాడిపోయి, కాలిన అట్టులా పొరలు పొరలుగా ఊడింది. ఇంటికి పంపేటప్పుడు ముక్కులోంచి పొట్టలోకి ఒక సన్నటి గొట్టం వేసి, చెంపకి ప్లాస్టరు అంటించి పంపారు.

"నోటి ద్వారా ఏదీ ఇవ్వకూడదమ్మా. మంచినీళ్ళు కూడా. ఏం మింగినా ఊపిరితిత్తుల్లోకి పోతోంది. పోయిందంటే మనిషి దక్కడు" అని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. అమ్మాజీ తల ఊపింది. పక్కన కూతురు జాస్మిన్ ఆ మాటలన్నీ ఫోన్లో రాసుకుంది.

అమలాపురంలో ఎర్రవంతెన దగ్గర వాళ్ళది అద్దె ఇల్లు. ప్రకాశరావు బస్సు కండక్టరు. జాస్మిన్ రాజోలులో ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతుంది. పొద్దున్నే బస్సెక్కితే మళ్ళీ దీపాలు పెట్టే వేళకి దిగుతుంది. పగలంతా ఇంట్లో ఉండేది వీళ్ళిద్దరే, మంచం మీద అతనూ, మంచం చుట్టూ ఆవిడా.

రాగిజావ కాచి పల్చటి గుడ్డలో వడగట్టేది. పప్పుకట్టు వడగట్టేది. కొబ్బరినీళ్ళు వడగట్టేది. పెద్ద సిరంజిలోకి తీసి, గొట్టం మూత విప్పి, అతని మొహం చూడకుండా మెల్లగా వదిలేది. ఏది పోసినా అతనికి ఒకటే. పొట్టకి కబురందుతోంది గాని నోటికి కబురు లేదు. అప్పుడప్పుడు నాలికతో పెదాలు తడుపుకునేవాడు, అంతే.

ఇంట్లో పోపు వెయ్యడం మానేసింది అమ్మాజీ. ఇంగువ వాసనకి అతను తల తిప్పి వంటింటి వైపు చూసిన రోజు నుంచీ మానేసింది. తల్లీకూతుళ్ళిద్దరూ వంటింటి తలుపు దగ్గరగా వేసుకుని, దొంగతనం చేసుకొచ్చిన వాళ్ళలాగా, గిన్నె చప్పుడు కాకుండా పెరుగన్నం తినేవారు. ఆవకాయ ముక్క వేసుకోవడానికి కూడా చెయ్యి వచ్చేది కాదు.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం ప్రకాశరావు ఆవిణ్ణి చేత్తో పిలిచాడు. అతని గొంతు అప్పటికే గాలి మాత్రమే మిగిలిన గొంతు. దగ్గరగా వంగితే గాని వినపడదు.

"గడియార స్తంభం దగ్గర, బట్టల కొట్ల సందులో హోటలుంది. పాతది. రేపు పొద్దున్న వెళ్ళి పెసరట్టు ఉప్మా తిను."

అమ్మాజీకి అర్థం కాలేదు. "ఎవరండీ, నేనా? ఎందుకండీ?"

"తినొచ్చి చెప్పు" అన్నాడు.

ఆవిడకి ఏడుపొచ్చింది. జ్వరం తలకెక్కిందేమోనని నుదురు ముట్టుకుని చూసింది. చల్లగానే ఉంది. అతను ఆవిడ చేతిని పక్కకి తీసి, మళ్ళీ అదే మాట అన్నాడు.

మర్నాడు జాస్మిన్ బస్సెక్కాక, పక్కింటి కామేశ్వరిని కాసేపు కూర్చోమని బతిమాలి, అమ్మాజీ బయల్దేరింది. ఆవిడ ఎప్పుడూ ఒంటరిగా హోటల్లో అడుగుపెట్టిన మనిషి కాదు. ఆ మాటకొస్తే జంటగానూ పెట్టలేదు. పెళ్ళిభోజనాలు, చర్చిలో క్రిస్మస్ భోజనాలు, అవే ఆవిడ బయట తిన్న తిళ్ళు. ఆవిడ తల్లి అల్లవరం దగ్గర రొయ్యల చెరువులు రాక ముందు వరి చేలల్లో ఊడ్పులకి వెళ్ళేది. ఊళ్ళో టీ కొట్టు దగ్గర తమవాళ్ళకి గ్లాసులు వేరుగా ఉండేవనీ, ఎవరి గ్లాసు వాళ్ళే కడిగి చూరులో పెట్టి రావాలనీ తల్లి మామూలు విషయం చెప్పినట్టు చెప్పేది. ఆ రోజులు పోయాయి. పోయాయని అమ్మాజీకీ తెలుసు. అయినా ఆ హోటలు గుమ్మం ముందు కాళ్ళు ఆగిపోయాయి. లోపలికి పోయేవాళ్ళకి అడ్డొస్తున్నానని పక్కకి జరిగి, చెంగు భుజం మీదికి లాక్కుని నిలబడింది.

లోపలి నుంచి తువ్వాలు భుజాన వేసుకున్న ఒక పెద్దాయన వచ్చాడు. అతని పేరు మంగరాజని తర్వాత తెలిసింది.

"పార్సిలాండీ?"

"కాదండీ. ఇక్కడే... మా ఆయన పంపేరండి. ప్రకాశరావు గారని, బస్సు కండక్టరు..."

మంగరాజు మొహం విప్పారింది. "కండక్టరు గారి తాలూకాండీ! ఆయ్, రండి రండి. ఏరండీ ఆయన? కనబడటం మానేసేరు. రిటైరైపోయేరా ఏంటండీ?" అంటూనే దారి చేసి లోపలికి తీసుకెళ్ళాడు. "ఇదిగోనండి, ఆయన చోటు. మధ్య బల్ల, ఫ్యాను కింద. ఖాళీ లేకపోతే నిలబడతారు గానండీ, ఇంకో చోట కూర్చోరు. ఎందుకండీ అంటే, మా నాన్న ఈ హోటలు బయట నిలబడి తాగేవాడయ్యా టీ, ఆయన బాకీ కూడా నేనే కూర్చోవాలి అనేవారండి. అని ఒకటే నవ్వు!"

ఒకటే నవ్వు. ఆ మాట దగ్గర అమ్మాజీ ఆగిపోయింది. ఇంట్లో ప్రకాశరావు తల వంచుకుని తినేవాడు. కూరలో ఉప్పు తగ్గితే తగ్గిందనేవాడు. తగ్గకపోతే ఏమీ అనేవాడు కాదు. చెయ్యి కడుక్కుని లేచిపోయేవాడు.

పెసరట్టు వచ్చింది. ఆవిడ తలెత్తకుండా, త్వరత్వరగా తిని, మంగరాజు అడిగినదానికి నిజం చెప్పలేక "ఒంట్లో నలతగా ఉందండీ" అని చెప్పి ఇంటికి వచ్చిపడింది.

ప్రకాశరావు దిండ్ల మీద జేరబడి ఎదురు చూస్తున్నాడు. కళ్ళు తుడుచుకుని, తల దువ్వించుకుని ఉన్నాడు. కామేశ్వరి చేత దువ్వించుకున్నాడట.

"చెప్పు."

"బాగుందండీ."

"బాగుందంటే?"

"అంటే... బాగానే ఉంది. వేడిగా ఉంది."

అతని చెయ్యి మంచం పట్టీ మీద ఒక్కసారి ఠప్పున పడింది. ఆ కాస్త కోపానికే రొప్పు వచ్చింది. రొప్పు తగ్గాక మాట మాట విడదీసి అడిగాడు. అంచు కరకరలాడిందా? మధ్యలో మెత్తగా ఉందా? ఉల్లిపాయ పచ్చిగా తగిలిందా, కాస్త వేగిందా? అల్లం పచ్చడిలో బెల్లం ముందు తెలిసిందా, అల్లం ముందు తెలిసిందా? ఉప్మాలో నెయ్యి పైన వేసేడా, కలిపేసేడా?

అమ్మాజీకి ఒక్కదానికీ జవాబు తెలియలేదు. తిన్న మాట నిజమే గాని, ఏం తిన్నదో ఆవిడ చూడలేదు.

"రేపు మళ్ళీ వెళ్ళు" అన్నాడు ప్రకాశరావు. "ఈసారి మెల్లగా తిను."

మళ్ళీ వెళ్ళింది. మెల్లగా తిన్నది. అంచు విరిచి చెవి దగ్గర పెట్టుకున్నంత పని చేసింది. ఇంటికొచ్చి చెబుతుంటే అతను కళ్ళు మూసుకున్నాడు. అల్లం పచ్చడి దగ్గరకొచ్చేసరికి అతని గొంతులో ముడి పైకీ కిందకీ కదిలింది. తర్వాత పక్కనున్న గుడ్డ అందుకుని నోట్లో ఊరిన నీళ్ళు తుడుచుకున్నాడు. అవి కూడా మింగకూడదు.

అప్పటి నుంచీ అదొక పని అయిపోయింది. రోజూ కాకపోయినా రోజు విడిచి రోజు అతనొక చోటు చెప్పేవాడు, ఆవిడ వెళ్ళేది. నల్లవంతెన దాటాక పోలమ్మ బండి. మూకుడులో కాల్చిన దిబ్బరొట్టి, దాని మీద పోసుకోవడానికి పానకం. అడుగు ఎర్రగా కాలిందా, పానకం పైపైనే నిలిచిందా, రొట్టిలోకి దిగిందా? కాలేజీ రోడ్డులో మరిడమ్మ బజ్జీల బండి. మిరపకాయ చీరి వాము కూరిందా, ఉల్లిపాయ ముక్కల్లో నిమ్మకాయ పిండిందా? బస్టాండు వెనక గోలీసోడా కొట్టు. కొడితే గోలీ చప్పుడెలా వచ్చింది, ముక్కులోకి ఘాటు ఎక్కిందా లేదా? డిపో గేటు పక్కన టీ బడ్డీ. మీగడ తీసి పోసేడా, మీగడతోనే పోసేడా?

అమలాపురంలో ఇన్నేళ్ళు కాపురం చేసి అమ్మాజీ చూసిన దారులు మూడే. బజారు, చర్చి, రేషను కొట్టు. ఇప్పుడు కాలవగట్టు వెంబడి పొద్దున్నపూట నడిస్తే ఎంత చల్లగా ఉంటుందో తెలిసింది. ఏ సందులోంచి వేగిన శనగపిండి వాసన వస్తుందో, ఏ మలుపులో కొబ్బరి బొండాలు నరుకుతారో తెలిసింది. ఒకసారి అతను బోడసకుర్రు వంతెన దాకా ఆటో కట్టించి పంపాడు. అక్కడ గోదారి గట్టున రేకుల షెడ్డులో నాగదుర్గ అనే ఆవిడ చేపల భోజనం పెడుతుంది. ముందు ఆ చేపల పులుసు, తర్వాత వంతెన మీద నిలబడి లేత ముంజెలు. "ముంజె కొరకొద్దు. వేలితో నొక్కి నీళ్ళు ముందు తాగు. అప్పుడు గోదారి వైపు చూడు" అని చెప్పి పంపాడు. అమ్మాజీ అలాగే చేసింది. మెడ మీద గాలి తగిలింది. ఆ ఒక్క క్షణం ఇంట్లో మంచం ఉందన్న సంగతి ఆవిడ మర్చిపోయింది. గుర్తొచ్చాక చేతిలో ముంజెలు ఆకుతో సహా గోదాట్లోకి వదిలేసింది. అవి తిన్నాననే అతనికి చెప్పింది.

ఎక్కడికి వెళ్ళినా అతను తెలిసినవాడే. ఎక్కడికి వెళ్ళినా అదే మాట, కండక్టరు గారు వస్తే సందడండీ. ఆయన జోకులు. ఆయన పక్కబల్ల వాళ్ళకి పెట్టించిన కాఫీలు. నాగదుర్గ అయితే, "మీ ఆయన పులుసు కలుపుకుంటా పాటెత్తుకునేవోరమ్మా, తినేవోళ్ళంతా ఆగిపోయేవోరు" అని చెప్పి కళ్ళొత్తుకుంది. అమ్మాజీ వినీ వినీ ఇంటికొచ్చేది. వాళ్ళు చెప్పే మనిషికీ, తన మొగుడికీ పోలిక దొరికేది కాదు. పాటలు పాడే మనిషి, నవ్వించే మనిషి ఈ ఊళ్ళో ఉన్నాడు. తన ఇంటికి మాత్రం రాలేదు.

ఒక మధ్యాహ్నం గొట్టంలో జావ పోస్తూ అడిగేసింది.

"ఇన్ని చోట్లున్నాయి కదండీ. నన్నొక్కసారైనా ఎందుకు తీసుకెళ్ళలేదండీ?"

ప్రకాశరావు చాలాసేపు ఆవిడ మొహంలోకి చూశాడు. వెతికి చూసినట్టు చూశాడు. అబద్ధం చెప్పే ఓపిక కూడా అతనికి లేదు.

"తోచలేదే" అన్నాడు.

అమ్మాజీ సిరంజి ఖాళీ చేసి, గొట్టం మూత బిగించి, వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోముతూ కూర్చుంది. ఇష్టం లేక తీసుకెళ్ళలేదంటే కాసేపు కోప్పడేది. ఎవరైనా చూస్తే బాగుండదని తీసుకెళ్ళలేదన్నా సరిపెట్టుకునేది. తోచలేదు అన్నదానికి ఏం చెయ్యాలో ఆవిడకి తెలియలేదు. అంత పెద్ద కాపురంలో తనొక మనిషిగా తోచలేదు. తిరిగి గదిలోకి వెళ్తే అతని కళ్ళ పక్కగా నీళ్ళు కారి దిండు తడిసి ఉంది. గొట్టం ప్లాస్టరు తడవకుండా ఆ నీళ్ళు తుడిచింది. ఇద్దరూ ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

అసలు బాధ ఇంకొకటి మొదలైంది. ఆవిడకి ఆకలి పుట్టింది. పొద్దున్న కళ్ళు తెరవగానే, ఇవాళ ఎక్కడికి పంపుతారో అన్న మాట ముందు మనసులోకి వచ్చేది. దిబ్బరొట్టి తలుచుకుంటే నోరూరేది. అతను రోజురోజుకీ ఎండిపోతున్నాడు, మోకాలి చిప్పలు పైకి తేలాయి. ఆవిడకేమో జాకెట్టు చేతులు బిగుతయ్యాయి. అద్దంలో తన బుగ్గలు చూసుకుని సిగ్గుపడేది. అతని ఒంట్లోంచి తీసుకుని తను తింటున్నట్టుగా ఉండేది.

ఆ మాట పైకి అన్నది అతని అక్క దీవెనమ్మ. ఆదివారం ప్రార్థన అయ్యాక తిన్నగా ఇంటికి వచ్చి, వసారాలోనే నిలబడి అందుకుంది.

"తమ్ముడు మంచంలో గుటకేసుకోలేకుండా ఉంటే నువ్వు బజ్జీల బండి దగ్గర నిలబడి తింటున్నావంటమ్మా? సంఘంలో నలుగురూ అంటన్నారు. నేను తలెత్తుకోవాలా వద్దా?"

"ఆయనే పంపుతున్నారు వదినా..."

"పంపితే వెళ్ళిపోడమేనా? రోగిష్టి మనిషి ఏదో అంటాడు. నీకు నోరెలా ఆడిందే?"

ఆ వారం అమ్మాజీ ఎక్కడికీ వెళ్ళలేదు. ప్రకాశరావు రోజూ తల దువ్వించుకుని ఎదురు చూశాడు. ఆవిడ జావ గిన్నెతో వచ్చేసరికి మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. మూడో రోజో నాలుగో రోజో, గొట్టం చేత్తో పట్టుకుని లాగెయ్యబోయాడు. అమ్మాజీ పట్టుకుంది.

"నువ్వు తినకపోతే నాకు ఇంకేముందే" అన్నాడు. ఆ వారంలో అతను అన్న మొదటి మాట అదే.

ఆ సాయంత్రమే మరిడమ్మ బండికి వెళ్ళింది. జనం వైపు వీపు తిప్పి, గోడ వైపు మొహం పెట్టి తిన్నది. కన్నీళ్ళు మిరపకాయ వల్లనుకున్నారు చూసినవాళ్ళు.

వానలు మొదలయ్యే రోజుల్లో మళ్ళీ కాకినాడ తీసుకెళ్ళారు. స్కానింగ్ తీశారు. డాక్టరు గారు జాస్మిన్‌ని ఒక్కదాన్నే లోపలికి పిలిచారు. బయటికొచ్చాక పిల్ల తల్లిని పక్కకి తీసుకెళ్ళి చెప్పింది. ఊపిరితిత్తుల్లోకి పాకిందట. ఇంక మందులు అక్కర్లేదట. ఇంట్లో మంచిగా చూసుకోమన్నారట. కఫం లాగే చిన్న మిషనూ, ఒంటికి పుళ్ళు పడకుండా నీళ్ళ పరుపూ ఆస్పత్రి వాళ్ళే వాడుకోమని ఇచ్చారు.

ఇంటికొచ్చాక ప్రకాశరావు ఏ హోటలు పేరూ చెప్పలేదు. అన్నీ అర్థమయ్యే మనిషి అతను. రెండు రోజులు పోయాక జాస్మిన్ ఇంట్లో ఉన్నప్పుడే అడిగాడు.

"డిపో దగ్గర టీ. ఒక్క గుక్క. మింగను. నోట్లో పెట్టుకుని ఊసేస్తాను."

జాస్మిన్ మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది. "నాన్నా, వద్దు నాన్నా. లోపలికి పోయిందంటే ఊపిరాడదు. డాక్టరు గారు ఎంత గట్టిగా చెప్పేరు? నీకు ఏవైనా అయితే నేను తట్టుకోలేను." తర్వాత వంటింట్లోకి వచ్చి తల్లి రెండు చేతులూ పట్టుకుంది. "అమ్మా, నువ్వు మెత్తబడిపోతావు, నాకు తెలుసు. ఒట్టెయ్యి. ఇవ్వనని చెప్పు."

"ఇవ్వను" అంది అమ్మాజీ.

అతను మర్నాడు అడిగాడు. ఆ మర్నాడూ అడిగాడు. కోపంగా కాదు, బస్సులో చిల్లర అడిగినట్టు, మామూలుగా. జాస్మిన్ ముందు అడగడం మానేసి, ఆ పిల్ల బస్సెక్కి వెళ్ళాక అడిగేవాడు. ఆఖరికి ఒక రోజు అమ్మాజీ ఫ్లాస్కు చంకలో పెట్టుకుని డిపోకి నడిచింది. బడ్డీ అతను మీగడతో పోశాడు. కండక్టరు గారికే అంటే పోసేముందు ఇంకోసారి మరిగించాడు.

గదిలోకి వచ్చి స్టీలు గ్లాసులోకి వంపింది. వాసన గదంతా నిండింది. ప్రకాశరావు మొహం మీద ఆవిడ ఎన్నడూ చూడని వెలుగొకటి వచ్చింది. ఈ మొహమేనేమో వాళ్ళంతా చూసింది అనుకుంది. చెంచా ముంచింది. అతను నోరు తెరిచాడు. నాలిక మీద తెల్లగా పూత కట్టి, పగుళ్ళు పడి ఉంది.

చెంచా ఇంకా పెదవి దాకా రాలేదు. ఊరిన నీళ్ళే అడ్డం పడ్డాయో ఏమో, అతనికి దగ్గు తెర వచ్చింది. మొహం ఎర్రబడింది, తర్వాత నల్లబడింది, కళ్ళు పైకి పోయాయి. అమ్మాజీ చెంచా పారేసి, మిషను పెట్టి, కఫం లాగి, వీపు నిమిరి, ప్రభువా ప్రభువా అంటూ అతన్ని ఒళ్ళో పట్టుకుని కూర్చుంది. చాలాసేపటికి ఊపిరి సర్దుకుంది. చుక్క కూడా పొయ్యకుండానే ఇంతయితే, పోస్తే ఏమయ్యేది? తన చేత్తోనే చంపుకునేదాన్ననుకుంది. లేచి గ్లాసూ ఫ్లాస్కూ పట్టుకెళ్ళి పెరటి తలుపు తీసి, టీ అంతా కాలవలోకి ఒంపేసింది. తిరిగి చూస్తే, తెరిచిన తలుపులోంచి అతను చూస్తున్నాడు. మొహం మీద ఏమీ లేదు. కోపం కూడా లేదు.

ఇంక అతను అడగలేదు. ఆవిడే రెండు రోజులాగి, తనంతట తను మంగరాజు హోటలుకి వెళ్ళి, మధ్య బల్ల దగ్గర కూర్చుని పెసరట్టు తినొచ్చి, మంచం దగ్గర కూర్చుని మొదలుపెట్టింది. "ఇవాళ అంచు బలే కాలిందండీ. పచ్చడిలో..." ప్రకాశరావు చెయ్యి కాస్త పైకి లేపాడు. వద్దన్నట్టు అటూ ఇటూ ఊపాడు. కళ్ళు మూసుకున్నాడు.

ఆ తర్వాత ఎన్ని రోజులున్నాడో అన్ని రోజులూ అంతే. పోసింది పోయించుకున్నాడు, తుడిస్తే తుడిపించుకున్నాడు. తల దువ్వించుకోలేదు. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేస్తే ఆమెన్ అనే చోట పెదాలు కదిలించాడు. ఒక పొద్దున్న అమ్మాజీ వంటింట్లో జావ వడగడుతోంది. గుడ్డ పిండి, గిన్నె పట్టుకుని గదిలోకి వచ్చేసరికి అతను లేడు. గిన్నెలో జావ వేడిగానే ఉంది.

సమాధి కార్యక్రమానికి మంగరాజు వచ్చాడు. పోలమ్మ, మరిడమ్మ వచ్చారు. బోడసకుర్రు నుంచి నాగదుర్గ వచ్చింది. చర్చి వాళ్ళకి వాళ్ళెవరో తెలియక, ఎందుకొచ్చారో తెలియక చూశారు. దీవెనమ్మ అందరికంటే గట్టిగా ఏడ్చింది. అమ్మాజీకి ఏడుపు రాలేదు. దాన్ని కూడా నలుగురూ చూశారు.

ఆదివారాలు కొన్ని గడిచాక, ఆస్పత్రి వాళ్ళ మిషనూ నీళ్ళ పరుపూ తిరిగి ఇచ్చెయ్యడానికి తల్లీకూతుళ్ళు కాకినాడ వెళ్ళారు. గేటు దగ్గర ఆటోకి డబ్బులిచ్చి వస్తానని జాస్మిన్ ఆగింది. అమ్మాజీ సామాను పట్టుకుని ముందు లోపలికి వెళ్ళింది. అక్కడ నర్సమ్మ నడివయసు మనిషి, పేరు లక్ష్మీతులసి. మిషను తుడిచి చూసుకుంటూ, మెత్తగానే అడిగింది.

"ఆఖర్న బాధ పడ్డారామ్మా?"

"ఒక గుక్క టీ అడిగేరండి" అంది అమ్మాజీ. ఎందుకు చెప్పిందో తెలియదు. ఎవరితోనూ అనని మాట. "ఇవ్వలేదండి. వద్దన్నారు కదండీ."

లక్ష్మీతులసి తుడవడం ఆపింది. "అది ముందు సంగతి కదమ్మా. ఇంక తగ్గదని తేలిపోయేక మేం ఆపం. గ్లాసుతో తాగించకూడదు గాని, దూది ముంచి నాలిక తడిపితే ఏం కాదమ్మా. టీ అయినా, పులుసైనా, ఏది అడిగితే అది. అందరికీ చెప్తాం మేం... మీకు ఎవరూ చెప్పలేదా?"

అమ్మాజీ ఆవిడ మొహంలోకి చూస్తూ నిలబడింది. దూది. ఇంట్లో కట్టలు కట్టలుగా దూది ఉంది. ఆ రోజు టీ గ్లాసు పక్కనే, బల్ల మీదే ఉంది.

"చెప్పే ఉంటారండి" అంది మెల్లగా. "మేమే వినిపించుకోలేదేమో."

బయటికి వస్తుంటే జాస్మిన్ ఎదురొచ్చింది. "ఏమన్నారమ్మా?"

"తీసుకున్నారు. అంతే."

బస్సుకి ఇంకా టైముంది. జాస్మిన్ పొద్దున్న ఏమీ తినలేదు. అసలు తండ్రి పోయిన దగ్గర్నుంచీ ఆ పిల్ల సరిగ్గా ముద్ద ముట్టింది లేదు. చున్నీలో భుజం ఎముకలు తెలుస్తున్నాయి. బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లోకి అమ్మాజీయే దారి తీసింది. కూర్చుని, కూతురికీ తనకీ ఇడ్లీలు చెప్పింది. ప్లేట్లు వచ్చాయి. జాస్మిన్ ఇడ్లీ ముక్క తుంపి, చట్నీలో ముంచి, అలాగే పట్టుకుని ఉండిపోయింది.

"అమ్మా, ఒక మాట అడగనా? నిజం చెప్తావా?"

"అడుగు."

"నాన్న టీ అడిగితే నేను ఇవ్వనివ్వలేదు. నీ చేత ఒట్టు కూడా వేయించుకున్నాను. రోజూ అదే కళ్ళ ముందు ఉంటోందమ్మా. తప్పు చేశానా?"

హోటల్లో గ్లాసుల చప్పుడు. బయట ఏదో బస్సుకి జనం పరుగెడుతున్నారు. అమ్మాజీ నీళ్ళ గ్లాసు పక్కకి జరిపింది.

"లేదు తల్లీ" అంది. "ఇచ్చుంటే ఊపిరాడక అప్పుడే పోయేవారు. ఇప్పుడు నర్సమ్మ గారు కూడా అదే చెప్పేరు. మంచి పని చేసేరండీ, నాలిక మీద చుక్క పడినా ప్రమాదమే అన్నారు."

"నిజంగా అన్నారా?"

"నా ఎదురుగా అన్నారు."

జాస్మిన్ ఎడంచేత్తో కళ్ళు తుడుచుకుంది. చేతిలో ముక్క నోట్లో పెట్టుకుంది. నమిలి మింగింది. ఇంకో ముక్క తుంపింది. ప్లేటు ఖాళీ అయ్యాక, కాస్త మొహమాటంగా, ఒక దోసె కూడా చెప్పనా అని అడిగింది.

"చెప్పుకో తల్లీ" అంది అమ్మాజీ.

"నువ్వు తినటం లేదేంటమ్మా?"

కూతురు తనకేసే చూస్తోంది. అమ్మాజీ ఇడ్లీ తుంపి నోట్లో పెట్టుకుంది. అది గొంతు దగ్గర ఆగింది. నీళ్ళు తాగి దాన్ని కిందకి దింపింది. కూతురు చూస్తున్నంత సేపూ ముక్క వెనక ముక్క తింటూనే ఉంది.